దారి చెప్పే పరికరం: కారులో జి.పి.ఎస్. వినియోగం

హైదరాబాదు నుంచి శ్రీశైలానికి కారులో బయలుదేరారనుకోండి. తుక్కుగూడ, కడ్తాల్, ఆమనగల్లు, డిండి దాటి మన్ననూరు చేరేదాకా తెర మీద నీలిగీత సాఫీగా సాగుతుంది. అక్కడినుంచి నల్లమలలోకి ప్రవేశించిన కొద్దిసేపటికి ఫోనులో సిగ్నల్ పోతుంది. "జి.పి.ఎస్. పోయింది" అంటారు కారులోని వాళ్లు. నిజానికి పోయింది జి.పి.ఎస్. కాదు. ఏది పోయిందో, ఏది మిగిలిందో తెలియాలంటే ఈ పరికరంలో మూడు వేర్వేరు పనులు జరుగుతున్నాయని గ్రహించాలి: మీరెక్కడున్నారో కనుక్కోవడం, ఆ చోటును పటం మీద చూపడం, వెళ్లవలసిన చోటికి మార్గాన్ని ఎంచడం. ఈ మూడూ మూడు రకాలుగా విఫలమవుతాయి. అందుకే వీటిని విడివిడిగా పరిశీలిద్దాం.

స్థానం ఎలా తెలుస్తుంది?

జి.పి.ఎస్. అమెరికా ప్రభుత్వం నిర్వహించే వ్యవస్థ. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున, కనీసం 24 ఉపగ్రహాలు రోజుకు రెండుసార్లు చొప్పున భూమిని చుట్టివస్తుంటాయి. ప్రతి ఉపగ్రహం తానెక్కడున్నదీ, సంకేతం ఏ క్షణంలో వెలువడిందీ నిరంతరం ప్రసారం చేస్తుంది. మీ పరికరం దాన్ని వింటుంది, అంతే. తిరిగి ఏమీ పంపదు. రేడియోలో వార్తలు వినేవారెవరో ఆకాశవాణికి ఎలా తెలియదో, మీ కారు ఎక్కడుందో ఉపగ్రహానికీ అలాగే తెలియదు.

సంకేతం సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్ల వేగంతో వస్తుంది. అది వెలువడిన సమయానికీ అందిన సమయానికీ ఉన్న తేడాను వేగంతో గుణిస్తే ఉపగ్రహం ఎంత దూరంలో ఉన్నదీ తెలుస్తుంది. ఒక ఉపగ్రహం దూరం తెలిస్తే మీరు దాని చుట్టూ ఊహించుకున్న ఒక గోళం మీద ఎక్కడో ఉన్నారన్నమాట. రెండోది కలిస్తే రెండు గోళాలు ఖండించుకునే వృత్తం మిగులుతుంది. మూడోది కలిస్తే రెండు బిందువులు మిగులుతాయి. వాటిలో ఒకటి అంతరిక్షంలో ఉంటుంది కాబట్టి దాన్ని వదిలేయవచ్చు.

మరి పాఠ్యపుస్తకాలన్నీ నాలుగు ఉపగ్రహాలు కావాలని ఎందుకంటాయి? ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. ఉపగ్రహంలో ఉన్నది పరమాణు గడియారం. మీ పరికరంలో ఉన్నది చౌక గడియారం. మైక్రోసెకను, అంటే సెకనులో పదిలక్షల వంతు తప్పినా దూరంలో 300 మీటర్ల తేడా వస్తుంది. కాబట్టి మన గడియారం ఎంత తప్పుతున్నదో కూడా కనుక్కోవలసిన రాశే అవుతుంది. తెలియని రాశులు నాలుగు, సమీకరణాలు నాలుగు కావాలి. పాఠశాలలో చేసిన బీజగణితమే ఇది.

ఇందులో ఐన్‌స్టీన్ సాపేక్షతా సిద్ధాంతం పాత్ర కూడా ఉంది. ఆ ఎత్తులో, ఆ వేగంతో తిరిగే గడియారం భూమి మీది గడియారం కన్నా రోజుకు సుమారు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతుంది. దాన్ని సరిచేయకపోతే ఒక్కరోజులోనే 11 కిలోమీటర్లకు పైగా దోషం పేరుకుంటుంది. సాపేక్షత నిత్యజీవితంలో ఎక్కడా పనికిరాదనుకునేవారికి ఈ ఉదాహరణ చాలు.

మన దేశానికి సొంత వ్యవస్థ కూడా ఉంది. దాని తొలి ఉపగ్రహాన్ని ఇస్రో 2013 జూలై 1న శ్రీహరికోట నుంచి ప్రయోగించింది. ఏడు ఉపగ్రహాలతో రూపొందించిన ఆ వ్యవస్థకు 2016లో 'నావిక్' అని పేరుపెట్టారు.

పటం, మార్గం

ఇప్పుడు మన్ననూరు దగ్గరికి వద్దాం. అడవిలో పోయింది ఇంటర్నెట్. ఉపగ్రహ సంకేతం మాత్రం చెట్ల మధ్య కొంత బలహీనపడినా అందుతూనే ఉంటుంది. చుక్క కదులుతుంది, కాని దాని కింద పటం ఉండదు. పటాన్ని ఇంటి దగ్గరే దించుకుని ఉంటే ఈ ఇబ్బంది లేదు. బయలుదేరే ముందురోజే ఆ పని చేసుకోండి. రద్దీ సమాచారం మాత్రం ఇంటర్నెట్ లేకుండా రాదు. అది ఇతర వాహనాల్లోని ఫోన్ల కదలికల నుంచి లెక్కకట్టేది.

ఇంటర్నెట్ ఉన్నా తప్పు జరిగే చోటు ఒకటి నగరంలోనే ఉంది. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే స్తంభాల మీద సాగుతుంది. కింద మామూలు రోడ్డు. రెండింటి అక్షాంశ రేఖాంశాలూ ఒకటే, తేడా ఎత్తులోనే. ఉపగ్రహాలన్నీ మన తలపైనే ఉంటాయి, కాళ్ల కింద ఉండవు. అందువల్ల ఎత్తును లెక్కించడంలో దోషం ఎక్కువ. మీరు పైన ఉన్నారో కింద ఉన్నారో పరికరం పొరబడవచ్చు. అలాంటిచోట దారిసూచిక బోర్డునే నమ్మండి.

మార్గాన్ని ఎంచే లెక్కకు మూలం డచ్ శాస్త్రజ్ఞుడు డైక్‌స్ట్రా 1959లో ప్రచురించిన పద్ధతి. కూడళ్లను బిందువులుగా, రోడ్లను గీతలుగా భావించి, ఒక్కో గీతకు ఇంత 'ఖర్చు' అని కేటాయించి, మొత్తం ఖర్చు తక్కువయ్యే వరుసను వెదుకుతారు. ఖర్చు అంటే సాధారణంగా సమయం. లెక్కలో తప్పు ఉండదు. లెక్కకు అందించిన వివరాల్లో ఉండవచ్చు. వానకు తెగిన మట్టిరోడ్డూ, ట్రాక్టరు మాత్రమే పట్టే డొంకదారీ పటంలో మంచి రోడ్డులాగే నమోదై ఉంటే, పరికరం పది నిమిషాలు కలిసొస్తాయని మిమ్మల్ని అటు తిప్పుతుంది.

శ్రీశైలం దారిలో మరో విషయం ఉంది. వన్యప్రాణుల రక్షణ కోసం మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలను అడవిలోకి పంపరు. హైదరాబాదు నుంచి మన్ననూరు సుమారు 140 కిలోమీటర్లు. సాయంత్రం ఆరింటికి బయలుదేరితే నగరం రద్దీ దాటుకుని తొమ్మిదిలోగా అక్కడికి చేరడం కష్టం. చేరే సమయం అర్ధరాత్రి లోపేనని తెర చూపినా, పసిపిల్లలతో, వృద్ధులతో గేటు ముందు తెల్లవారేదాకా కూర్చోవలసివస్తుంది. ఇలాంటి నియమాలను ముందే విచారించుకోవడం ప్రయాణికుని పని. డిండి దగ్గర టీకొట్టులో ఒక్కమాట అడిగినా చెబుతారు.

గమ్యం పేరు నమోదు చేసేటప్పుడూ తొందర కూడదు. కొత్తపల్లులు, రామాపురాలు మన రెండు రాష్ట్రాల్లో ఎన్నో. మండలం, జిల్లా చూసి ఎంచుకోండి. అక్షాంశ రేఖాంశాలు వాడితే వరుస తప్పకూడదు. శ్రీశైలం ఇంచుమించు 16.07 ఉత్తరం, 78.87 తూర్పు. వాటిని తారుమారు చేస్తే మీరు ఆర్కిటిక్‌లోని స్పిట్స్‌బెర్గెన్ దీవి ప్రాంతానికి పోతారు! ఇంత పెద్ద తప్పు ఎవరికైనా వెంటనే తెలుస్తుంది. ప్రమాదమంతా పక్క మండలానికి తీసుకుపోయే చిన్న తప్పుతోనే.

వాహనం నడుపుతూ చేతిలోని ఫోనును దారి చూసుకోవడానికి మాత్రమే, అదీ ఏకాగ్రత చెడకుండా వాడాలని కేంద్ర మోటారు వాహనాల నియమాలకు 2020లో చేసిన సవరణ చెబుతుంది. గంటకు 72 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 20 మీటర్లు పోతాం. మూడు సెకన్లు తెర చూస్తే 60 మీటర్లు రోడ్డు చూడకుండా పోయినట్టే. గమ్యాన్ని బండి కదలకముందే నమోదు చేసి, మాటల సూచనలు వింటూ నడపండి. మార్చవలసివస్తే పక్కసీటులోని వారికి అప్పగించండి లేదా బండి పక్కకు ఆపండి.

అభ్యాసం: మీ ఊరి నుంచి జిల్లా కేంద్రానికి పరికరం చూపే మార్గాన్ని గమనించండి. మీరు రోజూ వెళ్లే దారికీ దానికీ తేడా ఉంటే, ఆ తేడా స్థానం వల్ల వచ్చిందా, పటం వల్లనా, 'ఖర్చు' లెక్క వల్లనా? మీ సమాధానాన్ని కారణాలతో పది పంక్తుల్లో రాయండి.