పదో తరగతి తర్వాత గొడ్ల దవాఖాన కొలువు



మన హాస్టల్‌లో ఎవరిని అడిగినా టీచర్ అయితా, నర్స్ అయితా అంటరు. గోదావరిఖని పిల్లలు సింగరేణి కొలువు అంటరు. నేను గొడ్లకు నర్స్ అయితా అంటే అందరూ నవ్విన్రు. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను.

మా గూడెం గోదావరి అవతల మంచిర్యాల వైపు ఉన్నది. నిరుడు తొలి వానలప్పుడు మా ఎద్దుకు గొంతు కింద వాపు వచ్చింది. జ్వరం, నోట్లకెల్లి చొంగ, ఒకటే గురక. బాపు పసరు పోసిండు. తెల్లారి దవాఖానకు పోయి మనిషిని తోలుకొచ్చే వరకు ఎద్దు చచ్చిపోయింది. వచ్చినాయన చూసి, "ఇది గొంతువాపు రోగం. వానలు పడకముందే ఏటా టీకా వేయించాలె" అని చెప్పిండు. ఆ సంగతి మా ఇంట్ల ఎవరికీ తెల్వదు. ఒక్క ఎద్దుతో నాగలి నడవదు గదా. బాపు అప్పు తెచ్చి ఇంకో ఎద్దును కొన్నడు. అక్క ఇంటర్ చదువు ఆగింది. పత్తి ఏర పోతున్నది.

టీకా వేసేటోళ్లు ఏం చదువుతారని మా సార్‌ను అడిగి తెలుసుకున్నాను.

గొడ్ల డాక్టర్ కావాలంటే ఇంటర్‌లో బైపీసీ, తర్వాత ఐదున్నర ఏండ్లు బీవీఎస్సీ చదవాలి. డాక్టర్‌కు సాయంగా ఉండే పని వేరు. ఇంగ్లండులో 1961 నుండి జంతువుల నర్సులకు శిక్షణ ఉన్నది. మన దగ్గర వెటర్నరీ అసిస్టెంట్, లైవ్‌స్టాక్ అసిస్టెంట్ అంటారు. ఊర్లల్ల కాంపౌండర్ అంటరు.

దీనికి పదో తరగతి పాస్ అయితే చాలు. పాలిసెట్ పరీక్ష రాయాలి. లెక్కలు, భౌతిక, రసాయన శాస్త్రాలతో పాటు జీవశాస్త్రం కూడా రాయాలి. సీటు వస్తే పశుసంవర్ధక పాలిటెక్నిక్‌లో రెండేండ్ల డిప్లొమా. ఇవి రాజేంద్రనగర్‌లోని పి.వి. నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయం కింద కరీంనగర్, సిద్దిపేట, మహబూబ్‌నగర్, మామునూరులో ఉన్నవి. మనకు దగ్గర కరీంనగర్. 2022 నుండి మన రాష్ట్రంలో గిరిజనులకు రిజర్వేషన్ 10 శాతం అయింది.

అక్కడ పశువుల శరీరం, మేత, రోగాలు, టీకాలు, పుండ్లకు కట్టు కట్టుట, ఎదకు వచ్చిన ఆవుకు సూది వేయుట నేర్పుతారు. ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 1984 చట్టం ప్రకారం వైద్యం చేసే హక్కు రిజిస్టరైన డాక్టర్‌దే. టీకా, కట్టు, ప్రథమ చికిత్స వంటి చిన్న పనులు మనం డాక్టర్ చెప్పినట్లు చేయాలి. నాకు అన్నీ తెలుసని సొంతంగా వైద్యం చేయరాదు.

డిప్లొమా కాగానే సర్కారు కొలువు రాదు. నోటిఫికేషన్ పడాలి, పోటీ ఉంటది. అంతవరకు డెయిరీలల్ల, కోళ్ల ఫారాలల్ల పని దొరుకవచ్చు. 2017లో మన రాష్ట్రంలో పశువుల అంబులెన్సులు మొదలైనవి. 1962కు ఫోన్ చేస్తే వస్తవి. అందులో డాక్టర్ వెంట ఒక సహాయకుడు ఉంటడు. సహాయకురాలు ఎందుకు ఉండకూడదు?

ఆడపిల్ల గొడ్డును పట్టగలదా అని కొందరు అడిగిన్రు. ఇంటికాడ పొద్దున లేస్తే పేడ తీసేది, కుడితి పెట్టేది, దూడను కట్టేసేది ఎవరు? మనమే గదా!

వార్డెన్ మేడమ్ గారికి ఒక మనవి. పాలిసెట్ ప్రకటన రాగానే నోటీసు బోర్డు మీద పెట్టించి, మాకు చదివి చెప్పగలరు. మా బాపుకు చదువు రాదు, పేపర్ చూడడు. పదో తరగతి అక్కలు కుల ధ్రువపత్రం ఇప్పుడే తెచ్చి పెట్టుకోండి. ఆఖరి రోజు ఉరికితే దొరకదు.

స్నేహితులారా, ఈసారి సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ బాపును ఒక్క మాట అడగండి: మన ఎడ్లకు టీకా వేయించినవా?

ఇట్లు,
మీ తోటి విద్యార్థిని,
9వ తరగతి