ప్రొపెల్లరుకు గుర్రపుడెక్క చుట్టుకొన్నప్పుడు

హైదరాబాదునకు తూర్పున ఉప్పల్ దాటి వరంగల్లు దారిని పోవువారికి పీర్జాదిగూడ తగులును. దానికి దక్షిణముగా మూసీనది పారుచున్నది. నగరపు మురుగునీటితో వచ్చు నత్రజని, భాస్వర లవణములు సమృద్ధిగా దొరకుటచేత ఈ ప్రాంతపు మూసీలోను, ఉప్పల్ నల్లచెరువు వంటి చెరువులలోను గుర్రపుడెక్క దట్టముగా పెరుగును. ఈ మొక్కను తీసివేయుటకు చెరువులలో దింపు తేలుయంత్రములను చూచినవారు ఒక విశేషమును గమనించియుందురు. అట్టి యంత్రములలో పెక్కింటికి నీటి అడుగున తిరుగు ప్రొపెల్లరు ఉండదు. పాతకాలపు పొగయోడలకు వలె ఇరుప్రక్కల రెక్కలచక్రములుండును.

ఇది కొంత వింతయే. రెక్కలచక్రముకంటె ప్రొపెల్లరు మేలైనదని ఏనాడో తేలిపోయినది. 1845లో బ్రిటిష్ నౌకాదళమువారు ఇంచుమించు సమాన శక్తిగల రెండు ఓడలను వెనుకకు వెనుక త్రాటితో కట్టి పోటీ పెట్టగా, ప్రొపెల్లరుగల రాట్లర్ అను ఓడ, చక్రములుగల అలెక్టో అను ఓడను వెనుకకు ఈడ్చుకొనిపోయినది. ఓడిపోయిన ఆ చక్రము గుర్రపుడెక్క నడుమ మరల ఎందుకు గెలిచినది? సమాధానము గోదావరి, కృష్ణా డెల్టాల కాలువలలో లాంచీ నడపిన ఏ సరంగుకైనను అనుభవమున తెలిసినదే.

ధవళేశ్వరము ఆనకట్టను ఆర్థర్ కాటన్ ఆధ్వర్యమున 1847లో మొదలిడి 1852లో పూర్తిచేసిరి. దాని కాలువలు సేద్యమునకు మాత్రమేగాక పడవల రాకపోకలకును ఉద్దేశింపబడినవి. నీటిమట్టము మారినచోట్ల పడవను ఎక్కించుటకును దింపుటకును లాకులు కట్టిరి. ఆ దినములలో పడవను గట్టుమీద మనుష్యులు త్రాటితో లాగెడివారు. గాలి అనుకూలించినచో తెరచాప ఎత్తెడివారు. లేనిచో గెడవేసి త్రోసెడివారు. ఈ మూడింటిలోను నీటి అడుగున తిరుగునది ఏదియును లేదు గనుక, కలుపు అడ్డుపడినచో పడవ నెమ్మదించెడిదేగాని యంత్రము చెడుట అను మాట లేదు. డీజిలు ఇంజను వచ్చిన తరువాతనే ఈ చిక్కు వచ్చినది. రైళ్లు, రోడ్లు పెరిగి కాలువ ప్రయాణము చాలవరకు తగ్గిపోయినను, కాకినాడనుండి పుదుచ్చేరివరకు గల కాలువలను, గోదావరి, కృష్ణానదుల కొంత భాగమును కలిపి 1,078 కిలోమీటర్ల మార్గమును 2008లో జాతీయ జలమార్గముగా ప్రకటించిరి. కాలువలో మరల పడవ నడువవలెనన్నచో దాని ప్రొపెల్లరునుగూర్చి ఆలోచింపక తప్పదు.

ప్రొపెల్లరు పని మరమేకు పనివంటిది. మరమేకు కొయ్యలోనికి తొలుచుకొనిపోవునట్లు అది నీటిలో తొలుచుకొనిపోవును. దీనిని మొదట రూపొందించినవారు నిజముగా మరమేకునే మనస్సులో పెట్టుకొనిరి. 1836లో పేటెంటు పొందిన ఫ్రాన్సిస్ పెటిట్ స్మిత్ అను ఇంగ్లీషు రైతు తన పడవకు రెండు చుట్లుగల కొయ్యమరను అమర్చెను. 1837లో లండనులోని పాడింగ్టన్ కాలువలో నడపుచుండగా అది దేనికో తగిలి సగము విరిగిపోయినది. పడవ ఆగుటకు మారుగా ముందటికంటె వేగముగా పోయినదట! పొడుగైన మరకంటె పొట్టిదే మేలని ఆ విధముగా తెలిసినది. కాలువలో దేనికో తగులుకొనుట ఈ యంత్రమునకు పుట్టుకతో వచ్చిన గుణమన్నమాట.

అయితే మరమేకునకును ప్రొపెల్లరుకును ఒక ముఖ్యమైన భేదము కలదు. కొయ్య కదలదు, నీరు కదలును. ప్రొపెల్లరు నీటిని వెనుకకు నెట్టును. ఆ ప్రతిచర్యచే పడవ ముందుకు పోవును. వెనుకకు పోవు నీటి స్థానమును ముందున్న నీరు వచ్చి నింపవలెను. గణితముచేసి చూచినచో, ప్రొపెల్లరు నీటికి కలిగించు అదనపు వేగములో సగము ఆ నీరు రెక్కలను చేరకముందే కలుగుచున్నదని తేలును. అనగా ప్రొపెల్లరు నీటిని నెట్టుటయేగాక పీల్చుకొనుచున్నది కూడ. ఆ నీటితోపాటు అందు తేలునదియు, మునిగియున్నదియు రెక్కలవద్దకు వచ్చి చేరును. కలుపు తనంతట తాను వచ్చి పడవకు అడ్డుపడలేదు. పడవయే దానిని పిలుచుకొన్నది.

పిలుచుకొన్నది ఎట్టిది? గుర్రపుడెక్క దక్షిణ అమెరికాలోని అమెజాన్ ప్రాంతమునుండి లోకమంతట వ్యాపించినది. దీని బరువులో నూటికి 90 పాళ్లకుపైగా నీరే. అంత మెత్తని మొక్క ఇనుపరెక్కలను ఏమి చేయగలదని తోచవచ్చును. కాని తల్లిమొక్కనుండి పిల్లమొక్కకు పోవు అడ్డకాడలు సాగి, పీచుగలిగి, మొక్కలన్నిటిని గొలుసుకట్టుగా కలిపియుండును. క్రింద వేళ్లు కుచ్చులవలె వ్రేలాడుచుండును. ఒక మొక్క రెక్కకు తగిలినచో దాని వెంట చాపయంతయు వచ్చును. అమెరికాలో ఈ మొక్క లూసియానా రాష్ట్రపు జలమార్గములను ఎంతగా కప్పివేసినదనగా, దీనిని మేయుటకు ఆఫ్రికానుండి నీటిగుర్రములను తెప్పింపవలెనని 1910లో అక్కడి చట్టసభలో ఒక బిల్లునే ప్రవేశపెట్టిరి. బిల్లు నెగ్గలేదు. కాలువలో గుర్రపుడెక్కతోపాటు నీటిగుర్రములను కూడ తప్పించుకొనవలసిన అవస్థ అక్కడి పడవవారికి తప్పినది.

మొక్కకంటె చెడ్డవి మనుష్యులు పారవేసినవి: చిరిగిన వల, గోతము, పాతచీర. ఉదాహరణకు ఇంజను నిమిషమునకు 1,500 చుట్లు తిరుగుచు, గేరుపెట్టెలో ఆ వేగము సగమై, ప్రొపెల్లరు ఇరుసు 750 చుట్లు తిరుగుచున్నదనుకొందము. సెకనుకు పన్నెండున్నర చుట్లు. ఇరుసు వ్యాసము 4 సెంటీమీటర్లయినచో దాని చుట్టుకొలత సుమారు 12.6 సెంటీమీటర్లు. కావున సెకనుకు 157 సెంటీమీటర్ల గుడ్డ దానికి చుట్టుకొనును. ఆరు గజముల చీర, అనగా అయిదున్నర మీటర్ల గుడ్డ, మూడున్నర సెకనులలో ముగియును. చుట్టు మీద చుట్టు పడి లావెక్కినకొలది ఇంకను త్వరగా చుట్టుకొనును. సరంగు "ఏదో తగిలింది" అని ఇంజను ఆపులోపల పని పూర్తియైపోవును.

ప్లాస్టిక్ త్రాడు, వల అయినచో మరియొక కీడు కలదు. పాలీప్రొపిలీన్ త్రాడు సుమారు 160 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కరగును. నీటిలోనున్న త్రాడు ఎట్లు కరగునని సందేహింపవచ్చును. పై చుట్లను నీరు చల్లబరచుచునే యుండును. గాని లోపలి చుట్లకు నీరు అందదు. అచ్చట రాపిడి వేడిమి పోవు దారిలేక చుట్లు ఒకదానికొకటి అతుకుకొని గట్టి కడియమువలె తయారగును. దానిని విప్పుట అసాధ్యము, కోయవలసినదే.

చుట్టుకొన్నదని పడవ తానే చెప్పును. ఇంజను మ్రోత బరువెక్కును, పొగ నల్లబడును, వేగము తగ్గును. కలుపు రెక్కలకు ఒక ప్రక్కనే పట్టియున్నచో సమతూకము తప్పి పడవంతయు అదరును. ఇంజను శక్తి చాలలేదని ఎక్కువ డీజిలు ఇచ్చుట ఇచ్చట పెద్ద పొరపాటు. చుట్లు మరింత బిగియును, ఇంజను వేడెక్కును. అంతకంటె గమనింపవలసిన సంగతి చుక్కానిది. చుక్కాని ప్రొపెల్లరు వెనుకనే యుండి అది విసరు నీటి ధారవలన పనిచేయును. ధార ఆగినంతనే పడవ నడకయేగాక దాని త్రిప్పుడు కూడ పోవును. కాలువలో నీరు పారుచుండగా దిగువను లాకుగాని రెగ్యులేటరు తలుపులుగాని వంతెన స్తంభములుగాని యున్నచో పడవ వానివైపు కొట్టుకొనిపోవును. అందుచేత మొదట చేయవలసినది కలుపు తీయుట కాదు. గెడతో పడవను గట్టునకు చేర్చి, ముందు వెనుకల త్రాళ్లతో కట్టవలెను. లేదా లంగరు వేయవలెను.

గుర్రపుడెక్కయే అయినచో, కట్టుటకుముందు ఒక ఉపాయము ప్రయత్నింపవచ్చును. ఇంజనును మెల్లగా నడపుచు ఒకటి రెండు క్షణములు వెనుక గేరు వేసినచో రెక్కల ముందు అంచులకు ఒత్తుకొనియున్న ఆకులు, కాడలు ఎదురు ధారకు విడిపోవచ్చును. త్రాడు, వల, గుడ్డ అయినచో దీనివలన మేలు అరుదు. కొస స్వేచ్ఛగానున్న త్రాడు విడినట్లే విడి రెండవవైపు చుట్టుకొనును.

తరువాత ఇంజను ఆపి, తాళపుచెవి తీయవలెను. ఆ చెవిని నీటిలోనికి చేయి పెట్టువాడే తన యొద్ద ఉంచుకొనుట ఉత్తమము. పైనున్నవాడు మంచి ఉద్దేశముతోనే "ఒక్కసారి తిప్పి చూతము" అనుకొనవచ్చును. రెక్కల నడుమ వ్రేళ్లుండగా ప్రొపెల్లరు అరచుట్టు తిరిగినను చాలును, వ్రేళ్లు మిగులవు. చెవిలేని పాత ఇంజనులలో డీజిలు కొళాయి మూసి, ఇంజను ప్రక్కన ఒక మనిషిని కాపుంచవలెను. మురుగు కలియు నీరయినచో చేతితొడుగులు వేసికొనవలెను. చేతిపై పుండు, కోత యున్నవానిని ఈ పనికి పంపరాదు. ఎలుకల మూత్రము కలిసిన నీటివలన పుండు ద్వారా ఎలుకజ్వరము సోకగలదు.

పనిముట్లలో పొడుగుపిడికి కట్టిన కక్కుకొడవలి మిక్కిలి అనువైనది. కత్తిని త్రోసి కోయవలెను, కొడవలిని లాగి కోయవలెను. చేయి చాచి వంగినవానికి త్రోయుటకంటె లాగుట సులభము. తప్పినను అంచు రెక్కకు కొట్టుకొనదు. కరగి అతుకుకొన్న కడియమునకు హాక్సా బ్లేడు కావలెను. కోతను ఇరుసు చుట్టును వేయరాదు, ఇరుసు పొడుగునా వేయవలెను. చుట్లన్నియు ఇరుసునకు అడ్డముగా పడియుండును గనుక పొడుగున వేసిన ఒక్క గాటు ప్రతి చుట్టును తెంచును. గేరు తీసి ప్రొపెల్లరును చేతితో, పడవ ముందుకు పోవునపుడు తిరుగు దిక్కునకు ఎదురుగా త్రిప్పుచు కొసను లాగినచో మిగిలినది సాగివచ్చును.

లోతునీటిలో దిగక ఇదంతయు చేయుటకు ఇంగ్లండు కాలువపడవలలో మంచి ఏర్పాటు కలదు. ప్రొపెల్లరుకు సరిగా పైన పడవ అడుగున రంధ్రముచేసి, దాని చుట్టును ఇనుపపెట్టెవలె గోడలు అతికింతురు. పైన మూత యుండును. పడవ అడుగున రంధ్రమా యని వెరవనక్కరలేదు. నీరు ఎల్లప్పుడును తన మట్టము వెదకికొనును. పెట్టెలోని నీరు బయటి కాలువ మట్టమువరకే లేచి నిలుచును. గోడలు ఆ మట్టముకంటె ఎత్తుగా కట్టినందున లోనికి పొరలదు. మూత తీసి, పడవలోనే మోకరించి, చేయి క్రిందికి చాచి కలుపు కోయవచ్చును. అయితే ఈ లెక్క నిలిచియున్న నీటికే చెల్లును. ప్రొపెల్లరు తిరుగునపుడు నీరు ఎగసి మూతను కొట్టును. మూతను మరల బిగింపక ఇంజను వేసినందున మునిగిన పడవలు కలవు.

మన ఆంధ్రతీరపు చిన్న పడవలలో దీనికంటె సులువైన మార్గము కనబడును. పొడుగుకాడ ఇంజనునకు ఇరుసు బయట వ్రేలాడుచుండును. ఇంజను మొదలును క్రిందికి ఒత్తినచో ప్రొపెల్లరు నీటిపైకి లేచును. పెద్ద లాంచీలకు ఇది కుదరదు. ప్రొపెల్లరు చుట్టును పంజరము కట్టినచో వేగము తగ్గును, పంజరమే కలుపుతో మూసికొనిపోవును. ఇరుసుమీద కోతబిళ్ల బిగించుట మేలు. త్రాడు చుట్టుకొనబోవునపుడే అది తెంచివేయును. ఇక చెరువులలోని రెక్కలచక్రమన్ననో, అది నీటిని పీల్చుకొనదు. ప్రతి పలకయు నీటిలో మునిగి, త్రోసి, పైకి లేచిపోవును. పట్టిన కలుపు జారిపోవును. జారనిది కంటికెదురుగా చేతికందు ఎత్తున ఉండును. సముద్రముపై ఓడిపోయిన యంత్రము గుర్రపుడెక్కలో నెగ్గుటకు ఇదియే కారణము.

కలుపు తీసిన వెంటనే పూర్తివేగమున పోరాదు. మెల్లగా నడపి అదురు తగ్గినదో లేదో చూడవలెను. అదురు నిలిచినచో రెక్క వంగియుండవచ్చును. ఇరుసు పడవలోనికి వచ్చుచోట గ్లాండునుండి నీరు మునుపటికంటె ఎక్కువగా కారుచున్నదేమో పరీక్షింపవలెను. త్రాటి పోగులు అందులోనికి దూరి ప్యాకింగును చెరచును. ఇంజను చల్లబరచు నీటి జల్లెడను తీసి కడుగవలెను. వేళ్ల కుచ్చులు అందులో చేరక మానవు. కోసిన గుర్రపుడెక్కను కాలువలో విడువరాదు. మొగ్గగల కాడముక్క చాలును, మరల మొలచును. గట్టుమీద, నీటికి దూరముగా, ఎండకు ఆరవేయవలెను.