కల్పిత చరిత్రకు నిజమైన నాడులు

మన్నెగూడ మీదుగా నాగార్జునసాగరపు దారిని పోవువారికి ఇబ్రహీంపట్నము తగులును. ఆ పట్టణమునకు తన పేరిచ్చిన గోలకొండ ప్రభువు ఇబ్రహీం కుతుబ్‌షా, తండ్రి హత్యానంతరము సింహాసనమెక్కిన అన్న జంషీదునకు వెఱచి, 1543లో విజయనగరమునకు పోయి, అళియ రామరాయల ఆశ్రయమున ఏడేండ్లు గడపి, 1550లో మరలివచ్చి రాజయ్యెను. మల్కిభరాముడని తెలుగు కవులచే కీర్తింపబడి, అద్దంకి గంగాధరునిచే తపతీసంవరణోపాఖ్యానమును అంకితమందిన ఈ ప్రభువే, 1565లో దక్కను సుల్తానులతో కూడి, తనకు నీడనిచ్చిన రామరాయలపై దండెత్తెను. ఆనాడు ఆయన ఆ కూటమిలో చేరకుండినచో మన దేశచరిత్ర యెట్లు నడచియుండెడిది?

ఇట్టి ప్రశ్నను బీజముగా గొని పెరిగిన కథాసాహిత్యమును ప్రత్యామ్నాయ చరిత్ర యందురు. పాశ్చాత్యులలో ఈ శాఖకు దక్షిణ అమెరికాలోని ఇంకా సామ్రాజ్యము ప్రియమైన వస్తువు. 1532 నవంబరులో కహమార్కా పట్టణమున, రెండువందలకు లోపు స్పెయిను సైనికులతో వచ్చిన పిసారో, అతావాల్ప చక్రవర్తిని బంధించెను. ఆ ఒక్క దినము వేఱుగా గడచియుండినచో అను తలంపే రచయితలను ఆకర్షించినది. రాబర్ట్ సిల్వర్‌బర్గు 1967లో, మహామారిచే ఐరోపా కృశింపగా ఇంకాలు, అజ్టెకులు నిలిచిన లోకమును కల్పించెను. ఫ్రెంచి రచయిత లోరాఁ బినే 2019లో వెలువరించిన నవలయందు అతావాల్పయే సముద్రము దాటి ఐరోపాను జయించును.

ఇట్టి కథను నమ్మించునది యుద్ధవర్ణనముకన్న స్థలనామమే యని నా అభిప్రాయము. ఇంకాలు తమ రాజ్యమును తవాంతిన్‌సుయు, అనగా చతుర్భాగసమేతమైన దేశము, అని పిలుచుకొనిరి. కుస్కో నగరమునుండి వాయవ్యమున కీటో వఱకు చించాయ్‌సుయు, ఈశాన్యమున అడవులవైపు అంతిసుయు, ఆగ్నేయమున తితికాకా సరస్సును దాటి విశాలముగా వ్యాపించిన కొల్లసుయు, నైరృతిని సముద్రమువైపు కుంతిసుయు: ఈ నాలుగును పటము మీది గీతలు మాత్రమే కావు. అతావాల్ప బలము ఉత్తరమున కీటోయందును, అతని సోదరుడు వాస్కారు బలము కుస్కోయందును ఉండెను గనుక, కథలోని సేన ఏ సుయునుండి వచ్చినదో చెప్పిన రచయిత, ఆ సేన ఎవరికి విధేయమో కూడ చెప్పినవాడగును.

మన నేలకును ఇట్టి నామసంపద కొఱవడలేదు. నెల్లూరు ప్రాంతమున పాకనాడు, కడప సీమలో చోళులేలిన రేనాడు, గుండ్లకమ్మ పరిసరమున కమ్మనాడు, చందవోలు రాజధానిగా వెలనాడు, కరీంనగరము వైపు సబ్బినాడు, పానుగల్లు చోళుల కందూరునాడు శాసనములలో నేటికిని నిలిచియున్నవి. విజయనగర పాలనమున ఉదయగిరి, పెనుగొండ, చంద్రగిరి మొదలగునవి రాజ్యములనబడెను. గోలకొండవారు కొండవీటిని గెలిచిన పిమ్మట దానికి ముర్తుజానగరమను పేరు పెట్టిరి. కావున 1565లో రామరాయలు నెగ్గిన కథలో ముర్తుజానగరము కానరాదు, కొండవీడే యుండవలెను. అట్లే హైదరాబాదు చుట్టుపట్ల నేలకు నిజాముల నాటి అత్రాఫ్ బల్దా యను పేరుగాని, 1978లో ఏర్పడిన రంగారెడ్డి జిల్లా పేరుగాని అట్టి కథలో పొసగవు. సంఘటన మారినప్పుడు దానివలన పుట్టిన పేరును తొలగిపోవును. దానికి పూర్వమే యున్న పేరు నిలుచును. రచయిత పాటింపవలసిన సూత్రమిదియే.

మన నవలాకారులు ఈ దారికి క్రొత్తవారు కారు. అడివి బాపిరాజు తన గోన గన్నారెడ్డి నవలయందు వర్ధమానపురమును, కాకతీయుల నాటి పాలమూరు సీమను కండ్లకు గట్టించెను. విశ్వనాథ సత్యనారాయణ, కోట వెంకటాచలము నిర్ణయించిన కాలక్రమమును స్వీకరించి, పన్నెండు నవలల పురాణవైర గ్రంథమాలయందు మగధ రాజవంశముల చరిత్రను పాశ్చాత్యుల గణనకు భిన్నముగా నడపెను. ఆయన దానిని కల్పితచరిత్రగా గాక యథార్థముగనే తలంచెను. ఆ కాలగణనను ఆధునిక చరిత్రకారులు సామాన్యముగా అంగీకరింపరు. అయినను, అంగీకృతమైన చరిత్రకు ఎదురుగా మఱియొక చరిత్రను నిలుపుటకు తెలుగు నవల చాలునని ఆ గ్రంథమాల నిరూపించినది.

జరుగనిదానిని ఊహించుటకు రచయితకు సంపూర్ణ స్వాతంత్ర్యము కలదు. అది జరిగిన నేలను విస్మరించుటకు మాత్రము లేదు. 1565 నాటి ఆ తళ్ళికోట యుద్ధమును తిరుగవ్రాయదలచిన యువ రచయితలారా, మొదట శాసనసంపుటములను తెఱచి, మీ ఊరు ఆనాడు ఏ నాటిలో, ఏ సీమలో, ఏ పరగణాలో ఉండెనో తెలిసికొనుడు. ఆ పిమ్మటనే కలము పట్టుడు.