పెనుకొండలో స్తంభాలూ, కమానులూ

ముదిగుబ్బలో రైలెక్కి ధర్మవరంలో దిగి, బెంగుళూరు వైపు వెళ్లే బండి పట్టుకుంటే పెనుకొండ చేరతారు. ఊరి వెనకే పెద్ద కొండ, కొండమీద కోట. 1565లో తళ్ళికోట యుద్ధంలో ఓడాక రామరాయల తమ్ముడు తిరుమలరాయలు హంపీ విడిచి వచ్చి ఈ ఊరినే రాజధాని చేసుకున్నాడు. ఇది మీ చరిత్ర పుస్తకంలో ఉండేదే. పుస్తకంలో లేనిదొకటి చూద్దాం రండి.

ముందు ఊళ్లో పక్కపక్కనే ఉన్న రామాలయానికీ, శివాలయానికీ వెళ్లండి. మండపంలో ఎటు చూసినా స్తంభాలే! శిల్పాలు చెక్కడానికేనా ఇన్ని?

ఒక సుద్దముక్కను రెండు చివరలా పట్టుకుని వంచండి. పుటుక్కున విరుగుతుంది. అలాంటి ముక్కనే బల్లమీద నిలబెట్టి అరచేత్తో నొక్కండి. అంత తేలిగ్గా విరగదు. గ్రానైటు రాయీ అంతే. నొక్కితే ఎంతో బరువు ఓర్చుకుంటుంది. లాగితే అందులో పదోవంతు బలం కూడా చూపలేదు. స్తంభాలమీద పరచిన దూలం తన బరువుకు తానే రవంత వంగుతుంది. అప్పుడు పై అంచు నొక్కుకుంటుంది, కింది అంచు సాగుతుంది. బీట పుట్టేది కిందనే. అదే మందం ఉంచి దూలం పొడవు రెట్టింపు చేస్తే, దాని బరువు వల్లనే కింది అంచుమీద లాగుడు నాలుగు రెట్లవుతుంది! మరి స్తంభాలు దగ్గర దగ్గరగా ఉండక ఏం చేస్తాయి?

ఇక గగన్ మహల్. రెండంతస్తుల మేడ. కింద కమానులు, పైన గుడి గోపురాన్ని తలపించే శిఖరం. కమానులో ప్రతి రాయీ పక్క రాయిని నొక్కుతూనే ఉంటుంది. సాగే పని లేదు. కాబట్టి స్తంభం అడ్డం లేకుండా విశాలమైన చోటు దొరుకుతుంది. ఉచితంగా మాత్రం కాదు! కమాను తన కాళ్లను బయటికి నెడుతుంది. మీరూ మీ స్నేహితుడూ అరచేతులు ఆనించి ఒకరిమీదికొకరు వాలి చూడండి, పాదాలు వెనక్కి జారబోతాయి. ఆ నెట్టుడును కాచుకోవడానికే అంత మందం గోడలు.

గుప్తనిధుల కోసం పాత కట్టడాల పునాదులు తవ్వే పిచ్చి మన సీమలో ఇంకా పోలేదు. కమాను పాదం పక్క మన్ను తీస్తే ఆ పాదం బయటికి జరుగుతుంది. వేలెడు జరిగినా నడినెత్తిన రాళ్ల సందు కిందివైపు తెరుచుకుంటుంది. గగన్ మహల్‌లో నిలబడి తలెత్తినప్పుడు కమాను నడిమిని, లోపలివైపు చూడండి. గచ్చులో అడ్డంగా సన్నని బీట కనిపిస్తే, వెంటనే పాదాల దగ్గర నేలను కూడా చూడండి.