చేయి అప్పగించే ముందు పట్టా చూడండి

పక్షవాతం వచ్చిన పెద్దవారిని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్నాకనే అసలు కష్టం మొదలవుతుందమ్మా. ప్రాణం దక్కింది, కాలూ కాస్త కదులుతోంది. కాని ముద్ద నోటికి పెట్టుకోలేరు, జాకెట్టు హుక్కు పెట్టుకోలేరు, చెంబుతో నీళ్లు పోసుకోలేరు. ఇలాంటి పనులు మళ్లీ తామే చేసుకునేలా సాధన చేయించేవారు ఆక్యుపేషనల్ థెరపిస్టులు. ఆక్యుపేషన్ అంటే ఉద్యోగమనుకునేరు; ఇక్కడ మనిషి రోజూ చేసుకునే పని అని అర్థం. 'ఓటీకి పంపండి' అంటే ఆపరేషన్ థియేటరనుకుని హడలిపోయేవారూ లేకపోలేదు! ఫిజియోథెరపిస్టు ముఖ్యంగా కండరాల బలం, నడక చూస్తే, వీరు చెంచా కాడకు గుడ్డ చుట్టి లావు చేసైనా సరే, ఆ ముద్ద నోటికి చేరేలా చూస్తారు.

మరి మన భీమవరంలో ఎవరైనా "నేను థెరపిస్టునండీ" అంటూ ఇంటికొస్తే నమ్మడమెలా? గాజులు చేయించడానికి కంసాలిని పది ప్రశ్నలు వేస్తాం, మనిషిని అప్పగించడానికి మాత్రం మొహమాటపడతాం.

ముందు చదువు అడగండి. ఈ డిగ్రీని బి.ఓ.టి. అంటారు. చాలాకాలంగా అది నాలుగున్నరేళ్ల చదువు. అందులో ఆరు నెలలు ఇంటర్న్‌షిప్పు. దీన్ని మన దేశంలో 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో ప్రారంభించింది కమలా నింబ్కర్ అనే ఆవిడ. అమెరికాలో పుట్టి మన దేశానికి కోడలైన మనిషి. 1952లో అఖిల భారత సంఘమూ ఏర్పడింది. అయితే సంఘంలో సభ్యత్వం వేరు, చట్టప్రకారం రిజిస్ట్రేషన్ వేరు.

డాక్టర్లకూ నర్సులకూ కౌన్సిళ్లు ఎప్పటినుంచో ఉన్నాయి. వీరి కోసం ఢిల్లీ 1997లో, మహారాష్ట్ర 2002లో చట్టాలు చేసుకున్నాయి. దేశమంతటికీ చట్టం వచ్చింది మాత్రం 2021లోనే. ఆ చట్టం కింద ఓ జాతీయ కమిషను, రాష్ట్రానికో కౌన్సిలు, అర్హులైనవారి పేర్లు నమోదయ్యే రిజిస్టరు ఉండాలి. ఇలాంటి థెరపిస్టుల డిగ్రీ 3,600 గంటలకు తగ్గకూడదు. మూడు నెలల సర్టిఫికెట్టు ఎక్కడ, ఇదెక్కడ!

అమెరికా వెళ్లే మన పిల్లలకు ఇక్కడి పట్టా ఒక్కటే చాలదు. అక్కడి జాతీయ పరీక్ష ప్యాసవ్వాలి, పనిచేయబోయే రాష్ట్రం లైసెన్సూ తీసుకోవాలి.

మన ఇంటికొచ్చినవారి రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. ఇంకా రాలేదంటే వెంటనే దొంగని అనకండి, కొత్త చట్టం కదా. డిగ్రీ పట్టా, ఇంటర్న్‌షిప్పు పత్రం చూపమనండి. ఇంకో ఆనవాలు కూడా ఉంది. పని తెలిసినవారు రాగానే చేయి పట్టుకుని పిసకరు. మంచం ఎత్తు, స్నానాలగది గడప చూస్తారు. "ముందు ఏ పని మీ అంతట మీరు చేసుకోవాలనుందండీ?" అని రోగినే అడుగుతారు.