జపాను బొమ్మల కథల్లో పరదేశి పేర్లు

రాసేవారు జపాను వారు, చదివేవారు జపాను వారు, భాష జపాను భాష. కథానాయకుడి పేరు మాత్రం ఎడ్వర్డ్! జపాను బొమ్మల కథలు, అంటే వాళ్ళు 'మాంగా' అనేవి, నాలుగు తిరగేసిన వాళ్ళెవరికైనా తట్టే ప్రశ్నే ఇది. "సొంత పేర్లకు కరువొచ్చిందా? తెల్లవాళ్ళ మీద మోజు కాకపోతే మరేమిటి?" అని కొందరు పెద్దలు తేల్చి పారేస్తారు. మోజు బొత్తిగా లేదని నేననను. కాని సంగతి అంతటితో తేలేది కాదు. కొంత వాళ్ళ లిపిలో ఉంది, కొంత వాళ్ళ చరిత్రలో ఉంది.

ముందు లిపి సంగతి. జపాను రాతలో మూడు రకాల అక్షరాలు కలిసి నడుస్తాయి. చైనా నుంచి వచ్చిన 'కాంజి', దేశీయమైన మాటలకూ ప్రత్యయాలకూ వాడే 'హిరగాన', ముఖ్యంగా పరదేశి మాటలకు వాడే 'కటకాన'. వాళ్ళ పేర్లు మామూలుగా కాంజిలో ఉంటాయి. కాంజిలో ప్రతి అక్షరానికీ అర్థముంది. 'తనకా' అంటే పొలం నడుమ, 'యమమొతో' అంటే కొండ మొదలు. పేరు చూడగానే ఒక ఊరూ, ఒక కుటుంబమూ వెంట వచ్చేస్తాయి. అదే ఎడ్వర్డ్ అని కటకానలో రాస్తే మిగిలేది శబ్దం ఒక్కటే. చదవకముందే, అక్షరాల వాలకం చూసే పాఠకుడు "ఇది మన వీధి కాదు, ఇక్కడ మన లెక్కలు చెల్లవు" అనుకుంటాడు.

అలాగని ఆ పేరు పూర్తిగా పరాయిదిగానూ ఉండదు. మన తెలుగు లాగే జపాను భాషలో కూడా మాటలు దాదాపుగా అచ్చుతోనే ముగుస్తాయి. మనం బస్సు అంటాం, వాళ్ళు 'బసు' అంటారు. మనం రోడ్డు అంటాం, వాళ్ళు 'రోడొ' అంటారు. అలాగే ఎడ్వర్డ్ వాళ్ళ నోట్లో 'ఎడొవాడొ' అయి కూర్చుంటాడు. వేషం దొరగారిది, నడక మాత్రం ఇంటివాడిదే.

ఇందులో రచయితకు కలిసివచ్చేది స్వేచ్ఛ. ఇది మనకు అర్థం కాని విషయం కాదు. కొత్తవాడు పేరు చెప్పగానే "ఇంటిపేరేమిటి బాబూ?" అని అడిగే దేశం మనది. ఆ ప్రశ్న వెనక ఏముందో మన కాలేజీలో తెలియనివాడు లేడు. కమ్యూనిస్టు కుటుంబాల్లో పిల్లలకు లెనిన్ అనీ స్టాలిన్ అనీ పేర్లు పెట్టుకున్నప్పుడు అందులో రష్యా మీద అభిమానంతో పాటు, పాత లెక్కలకు దొరకని పేరు కావాలన్న కోరిక కూడా ఉందని నా నమ్మకం. మాంగా రచయితలు చేసేదీ ఇంచుమించు అదే. 1972లో ఇకెదా రియోకో అనే రచయిత్రి 'వెర్సాయ్ గులాబీ' కథ మొదలుపెట్టింది. అందులో ఆస్కార్ అనే పాత్ర మగవాడిగా పెంచబడిన ఆడపిల్ల. రాణిగారి అంగరక్షక దళానికి నాయకురాలై, చివరకు 1789లో ప్రజల పక్షాన నిలబడుతుంది. ఆ పిల్లను తనకా వారి అమ్మాయిగా పుట్టించి ఉంటే కథ అంత దూరం నడిచేదా అని నా అనుమానం.

స్వేచ్ఛ ఉన్నచోట ఆట కూడా ఉంటుంది. తొరియామా అకిరా 1984లో మొదలుపెట్టిన 'డ్రాగన్ బాల్'లో భయంకరులైన యోధుల జాతి పేరు 'సైయా'. కూరగాయలను జపానులో 'యసై' అంటారు. దాన్ని తిరగేస్తే వచ్చిందే ఈ పేరు. ఆ జాతి యువరాజు వెజిటా, ఇంకొకడు కకరొట్టో, అంటే క్యారెట్టు! వాళ్ళను పీడించే ప్రభువు ఫ్రీజా, అంటే కూరగాయలు పెట్టుకునే ఫ్రీజరన్న మాట. 1994లో వచ్చిన 'డిటెక్టివ్ కొనాన్'లో బాల పరిశోధకుడి దొంగపేరు ఎదొగావా కొనాన్. కొనాన్ అన్నది షెర్లాక్ హోమ్స్‌ను సృష్టించిన కోనన్ డాయల్ నుంచి వచ్చింది. ఎదొగావా అన్నది జపాను డిటెక్టివ్ రచయిత ఎదొగావా రన్పో నుంచి వచ్చింది. తమాషా ఏమిటంటే ఆ రన్పో అసలు పేరు హిరాయ్ తారో. ఎడ్గార్ ఎలన్ పో పేరును జపాను నోటితో పలికి, కాంజిలో రాసుకుని కలం పేరు చేసుకున్నాడాయన. పరదేశి పేరు ఒక తరంలో దేశవాళీ అయిపోయి, మరుతరానికి వారసత్వంగా అందింది!

ఇక చరిత్ర. 1940లో, యుద్ధ వాతావరణంలో, జపాను ప్రభుత్వం పరదేశి పేర్లున్న కళాకారుల చేత పేర్లు మార్పించింది. డిక్ మినే అనే గాయకుడు మినే కోయిచీ అయ్యాడు. రష్యాలో పుట్టిన బేస్‌బాల్ ఆటగాడు విక్టర్ స్టార్ఫిన్ సుదా హిరోషి అయ్యాడు. సరిగ్గా ఆ ఏడే తమ పాలన కింద ఉన్న కొరియా ప్రజల మీద ఒత్తిడి తెచ్చి, వాళ్ళ చేత జపాను పేర్లు పెట్టించారు. ఒకవైపు ఉన్న పేరు ఊడబెరకడం, మరొకవైపు లేని పేరు అంటగట్టడం. రెండూ ఒకే చేతి పనులు.

ఈ నేపథ్యంలో చూస్తే 1951లో తెజుకా ఒసాము తన రోబో కుర్రాడికి 'ఆటమ్' అని పేరు పెట్టడం చిన్న విషయంగా కనిపించదు. ఇంకో ఉదాహరణ. అరకవా హిరోము 2001లో మొదలుపెట్టిన 'ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్'లో మొదట చెప్పిన ఎడ్వర్డ్‌తో పాటు రాయ్ మస్టాంగ్ అనే సైనికాధికారి ఉన్నాడు. మస్టాంగ్ అన్నది అమెరికా యుద్ధ విమానం పేరు. 1945లో ఈవో జిమా దీవి నుంచి లేచి జపాను మీద దాడి చేసిన విమానం అది. ఆ పేరే ఇవాళ అక్కడి కుర్రకారు ఇష్టపడే పాత్రకు దక్కింది. దీన్ని దాస్యమందామా? భయం పోయిన పేరుతో ఆడుకోవడమందామా? నేను రెండోదే అంటాను.

ఈ పేర్లు ఎల్లలు దాటినప్పుడు ఏమవుతుందో కూడా చూడాలి. తకెఉచి నఓకో 1991లో సృష్టించిన నాయిక పేరు త్సుకినో ఉసాగి. విన్నవాళ్ళకు 'చందమామలో కుందేలు' అని స్ఫురిస్తుంది. చంద్రుణ్ణి శశాంకుడనే మనకు ఇది ఇట్టే అందుతుంది. ఇంగ్లీషులో బొమ్మల సినిమా వచ్చినప్పుడు ఆమెను సెరీనా చేశారు. కుందేలు కాస్తా పారిపోయింది. కొరియాలోనైతే 'స్లామ్ డంక్' నాయకుడు సకురాగి హనామిచి కాంగ్ బేక్ హో అయ్యాడు. అక్కడి పాఠకులు నేటికీ అతణ్ణి ఆ పేరుతోనే పిలుచుకుంటారు. 1940 సంగతి తెలిసినవాడికి ఆ మార్పు వింతగా తోచదు.

మన విద్యార్థి మిత్రుల్లో కథలు రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. పాత్రకు పరాయి పేరు పెట్టావేమని ఎవరైనా నిలదీస్తే సిగ్గుపడనక్కర లేదు, గొప్పపడనూ అక్కర లేదు. ఆ పేరు వల్ల పాత్రకు కొత్తగా ఏ తలుపు తెరుచుకుందో చెప్పగలిగితే చాలు. చెప్పలేకపోతే మాత్రం పెద్దల మాటే నిజం, అది మోజే!