అటకపై పెళ్లి క్యాసెట్లకు ఇంటిలోనే చిన్న సర్వర్

పాతికేళ్ల క్రితం పెళ్లి జరిగిన ఇళ్లలో అటకపైనో, బీరువా అడుగు అరలోనో ఒక వీహెచ్ఎస్ క్యాసెట్టో, నాలుగైదు సీడీలో కనిపిస్తాయి. నేడు లేని పెద్దల నడక, మాట వాటిలోనే మిగిలి ఉన్నాయి. చూద్దామంటే వీసీఆర్ లేదు. చివరి వరకు వీసీఆర్‌లు తయారు చేస్తూ వచ్చిన జపాన్ సంస్థ ఫునాయ్ 2016 జులైలో ఆ పని మానుకుంది. కొత్త ల్యాప్‌టాప్‌లలో సీడీ పెట్టే చోటే ఉండడం లేదు. తేమ ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో టేపుపై తెల్లని బూజు పడుతుంది. దానిని శుభ్రపరచకుండా వీసీఆర్‌లో పెడితే బూజు లోపలి భాగాలకు అంటుకొని తర్వాతి క్యాసెట్లకూ పాకుతుంది.

అందుకే వాటిని కంప్యూటర్ ఫైళ్లుగా మార్పించి, ఇంటిలోని టీవీకి, అందరి ఫోన్లకు అందేలా ఒకచోట ఉంచుకోవలసి వస్తోంది. ఇందుకు పెద్ద కంప్యూటర్ అక్కరలేదు, టిఫిన్ డబ్బా అంతటి పెట్టె చాలు. దీనినే హోం మీడియా సర్వర్ అంటారు. దుకాణానికి వెళ్లే ముందు ఇంటిలోనే తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది. ఆ వీడియోలను ఎవరు, దేనిపై చూస్తారు?

మార్పిడిలోనే మెలిక

వీసీడీలలో ఎంపెగ్-1, డీవీడీలలో ఎంపెగ్-2 పద్ధతిలో వీడియో ఉంటుంది. ఇంటిలో ఒక్క టీవీలో చూస్తే చాలనుకునేవారికి కోడి అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉన్న చిన్న పెట్టెను టీవీకి తగిలిస్తే సరిపోతుంది. అది ఆ ఫైళ్లను ఉన్నవి ఉన్నట్లుగానే చూపుతుంది. ఫోన్‌లోని బ్రౌజర్‌కు మాత్రం ఎంపెగ్-2 తెలియదు. దానికి తెలిసిన హెచ్.264 పద్ధతిలోకి సర్వరే అప్పటికప్పుడు మార్చి పంపాలి. ట్రాన్స్‌కోడింగ్ అనే ఈ పనిలోనే చిన్న పెట్టెల బలాబలాలు బయటపడతాయి.

2023లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై 5 చూడముచ్చటైన పరికరమే. కానీ హెచ్.264లోకి మార్చే ప్రత్యేక భాగం అందులో లేదు, భారమంతా ప్రాసెసర్‌పైనే పడుతుంది. ఒకరు పాత డీవీడీ చూస్తున్నంతవరకు నెట్టుకొస్తుంది. డ్రోన్‌తో తీసిన నేటి 4కే పెళ్లి వీడియో వద్ద చతికిలబడుతుంది. అదే ఏడాది ఆరంభంలో వచ్చిన ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్‌లో క్విక్ సింక్ అనే మార్పిడి విభాగం ఉంది. ఆ ప్రాసెసర్ ఉన్న మినీ పీసీ ఈ పనిని సునాయాసంగా చేస్తుంది. ఇద్దరు ముగ్గురు వేర్వేరు ఫోన్లలో చూసే కుటుంబానికి ఇదే మేలు.

విద్యుత్తు లెక్క కూడా చూసుకోవాలి. సగటున 10 వాట్లు వాడే పెట్టె రాత్రింబవళ్లు పనిచేసినా నెలకు సుమారు 7 యూనిట్లే అవుతాయి. 60 వాట్లు తీసుకునే పాత డెస్క్‌టాప్‌కు 43 యూనిట్లు ఖర్చవుతాయి.

ఏమీ కొనకుండా గట్టెక్కే దారి కూడా ఉంది. తెర పగిలిందని మూలన పడేసిన ఇంటెల్ ఏడవ తరం లేదా ఆపై ల్యాప్‌టాప్‌లో సాధారణంగా క్విక్ సింక్ ఉంటుంది. బ్యాటరీ పనిచేస్తుంటే కరెంటు పోయినా సర్వర్ ఆగదు. అయితే నిరంతరం చార్జింగ్‌లో ఉంటే బ్యాటరీ ఉబ్బే ప్రమాదం ఉంది కనుక, వీలున్న మోడళ్లలో చార్జింగ్‌ను 80 శాతానికి పరిమితం చేయాలి.

డిస్కు, కరెంటు

ఒక టెరాబైట్ డిస్కులో 4.7 జీబీ డీవీడీలు సుమారు 200 పడతాయి. రెండున్నర అంగుళాల డిస్కు యూఎస్‌బీ కరెంటుతోనే తిరుగుతుంది. మూడున్నర అంగుళాలదానికి వేరే అడాప్టర్ తప్పదు. రాస్ప్‌బెర్రీ పై 5కు 5 ఆంపియర్ల అడాప్టర్ పెట్టకపోతే అది యూఎస్‌బీ పరికరాలన్నింటికీ కలిపి 600 మిల్లీ ఆంపియర్లే ఇస్తుంది, డిస్కు మధ్యలో ఆగిపోవచ్చు. డిస్కు చెడిందని దానిని మార్చేవారికి అసలు కారణం తట్టదు.

కరెంటు కోతలున్న ఊళ్లలో వైఫై రూటర్‌కు వాడే 12 వోల్టుల చిన్న యూపీఎస్ కొన్ని మినీ పీసీలకూ సరిపోతుంది. కొన్ని పెట్టెలు 19 వోల్టులవి. అడాప్టర్‌పై ముద్రించిన వోల్టులు, ఆంపియర్లు చదవకుండా తగిలించరాదు.

ఏ సాఫ్ట్‌వేర్?

ఉచిత లైనక్స్ వ్యవస్థ డెబియన్, దానిపై జెల్లీఫిన్ చాలామందికి సరిపోతాయి. ఎంబీ అనే సాఫ్ట్‌వేర్ తన మూలరచనను మూసివేసినప్పుడు, 2018 డిసెంబరులో స్వచ్ఛంద రచయితలు అంతవరకున్న రూపం నుంచి జెల్లీఫిన్‌ను మొదలుపెట్టారు. ప్లెక్స్ వాడడం ఇంకా సులువే. కానీ ఇంటి వెలుపలి నుంచి సొంత వీడియోలు చూడడానికి 2025 ఏప్రిల్ నుంచి అది రుసుము కోరుతోంది.

జెల్లీఫిన్‌లో ఫోల్డరు చేర్చేటప్పుడు సినిమాలు అని కాక, ఇంటి వీడియోలు, ఫొటోలు అన్న రకాన్నే ఎంచుకోవాలి. లేకుంటే అది పేరు కలిసిన సినిమా కోసం ఇంటర్నెట్‌లో వెదికి, అక్కయ్య పెళ్లి వీడియోకు ఏదో సినిమా పోస్టరు తగిలిస్తుంది!

హైదరాబాద్‌లోనో, డాలస్‌లోనో ఉన్న పిల్లలు చూడాలంటే రూటర్‌లో తలుపులు తెరిచిపెట్టడం క్షేమం కాదు. పైగా పలు బ్రాడ్‌బ్యాండ్ సంస్థలు ఒకే చిరునామాను ఎందరో ఖాతాదారులకు పంచుతున్నందున ఆ పద్ధతి పనిచేయకపోవచ్చు కూడా. టెయిల్‌స్కేల్ వంటి ప్రైవేటు నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్‌ను రెండు వైపులా పెట్టుకుంటే ఈ చిక్కు తీరుతుంది.

రెండో ప్రతి ఎక్కడ?

సర్వర్‌లో పెట్టాం కదా అని నిశ్చింతగా ఉండడమే పెద్ద పొరపాటు. రెండు డిస్కులను జతచేసే రెయిడ్ పద్ధతి ఒక డిస్కు చెడితే కాపాడుతుంది. పొరపాటున ఫైలు చెరిపితే రెండింటిలోనూ పోతుంది, పిడుగుపాటుకు రెండూ కాలిపోవచ్చు. నెలకొకసారి విడి డిస్కులోకి నకలు తీసి, దానిని తీగల నుంచి వేరుచేసి, వీలైతే తోబుట్టువుల ఇంట్లో ఉంచడం మేలు.

క్యాసెట్లను మార్పించేటప్పుడు డీవీడీతో సరిపెట్టుకోక, పెన్‌డ్రైవ్‌లోనో, హార్డ్‌డిస్కులోనో ఫైళ్లుగా అడిగి తీసుకోవాలి. తెచ్చినవెంటనే ఆరంభం, మధ్య, చివర మూడుచోట్లా చూసి, మాట సక్రమంగా వినబడుతోందో లేదో పరీక్షించాలి. అసలు క్యాసెట్‌ను పారవేయక, టేపును పూర్తిగా వెనక్కి తిప్పి, పెట్టెలో నిలువుగా, పొడిచోట ఉంచాలి.